ఆ రోజు తీసేసిన పటం

మా అక్క నా ఆఫీసుకు రావడం అదే మొదటిసారి. చెప్పా పెట్టకుండా వచ్చింది. కళ్ళద్దాల షాపులో వేసుకునే తెల్లకోటు కూడా విప్పలేదు. పైజేబులో చిన్న స్క్రూడ్రైవరు అలాగే ఉంది. నా ఎదురుగా కూర్చుని, గదిలో ఏముందో ఒక్కసారి కూడా చూడకుండా, "మీ డబ్బాలు పైకి ఎప్పుడొస్తాయే?" అంది.

డబ్బాలు అన్నది మా బావ పెట్టిన పేరు. అసలు పేరు చెప్పాలంటే నోరు తిరగాలి. అవి సముద్రం అడుగున నేల కదలికలను రాసుకునే సీస్మోమీటర్లు. పసుపుపచ్చ ప్లాస్టిక్ చిప్పలో గాజు గోళం, గోళంలో యంత్రం, కింద ఇనుప బరువు. ఓడ మీద నుంచి వదిలేస్తే మునిగి మునిగి వెళ్ళి అడుగు బురదలో కూర్చుంటాయి. ఏడాదిపాటు అక్కడే ఉంటాయి. తీగ లేదు, ఫోను లేదు. మళ్ళీ ఓడ వెళ్ళి పైనుంచి శబ్దంతో పిలిచినప్పుడు ఇనుప బరువు వదిలేసి తేలతాయి. ఈలోగా వాటి కడుపులో ఏముందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు.

"వచ్చే నెల తెస్తాం. ఎందుకు?" అన్నాను. ఎందుకో నాకు తెలుసు.

"ఆయన మీ మధ్య డబ్బా మీద నుంచి వెళ్ళేటప్పుడల్లా ఇంజను రెచ్చగొట్టి పలకరించేవాడు కదా. ఆ రోజు ఇంజను ఎప్పటిదాకా నడిచిందో అందులో ఉంటుంది."

బావ చేపల పడవలో ఇంజను మెకానిక్కు. తుఫానులో ఆ పడవ మునిగి అప్పటికి కొన్ని నెలలయింది. ఆయనతో పాటు ఇంకో నలుగురు పోయారు. దొరికింది రెండు చెక్కలూ ఒక డీజిలు డ్రమ్మూ. పడవ యజమాని విచారణలో నిలబడి, ఇంజను నడుస్తూ ఉంటే పడవ అలలకు ఎదురు తిరిగి నిలబడేదనీ, ఆగిపోయింది కాబట్టే అడ్డం తిరిగి మునిగిందనీ చెప్పాడు. పాత పంపు మార్చమని మెకానిక్కుకు ముందే చెప్పాననీ, వినలేదనీ కూడా చెప్పాడు. ఆ పంపు మార్చమని యజమాని వెంట కుక్కలా తిరిగింది మా బావే. కానీ ఆ మాట చెప్పడానికి బావ లేడు. విచారణాధికారి కూడా తలాడించాడు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం ఖాళీ.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. మా బావకు ఆ పాటి మర్యాద కూడా దక్కలేదు. ఐదుగురు పోతే నలుగురి ఇళ్ళకూ పరామర్శకు వెళ్ళిన జనం అక్క ఇంటి ముందు నడక వేగం పెంచారు. బావతో పాటు పోయిన చుక్కాని పట్టేవాడి భార్య కళ్ళద్దం విరిగితే అక్క పనిచేసే షాపుకే వచ్చింది. బల్ల వెనక అక్కను చూసింది. విరిగిన అద్దాన్ని మళ్ళీ సంచిలో పెట్టుకుని, ఒక్క మాట అనకుండా వెళ్ళిపోయింది.

"తిట్టినా బాగుండేది," అంది అక్క. "ఇంజను ఆగలేదని ఒక్కటి తేలితే చాలే. నాకింకేం వద్దు."

నేను చెప్పాను. చెప్పలేదని ఎవరూ అనడానికి లేదు. "అక్కా, మా డబ్బాలు ఇంజను శబ్దం రాయవు. నిదానంగా వచ్చే ఊపులే రాస్తాయి" అన్నాను. అక్క నా మాట ఒక చెవితో కూడా వినలేదు.

"రాయకపోతే ఆయన ఎందుకు పలకరిస్తాడు? నీకు తెలియకుండా చేశాడా? నువ్వేగా అవి ఎక్కడున్నాయో ఆయనకు చెప్పింది!"

అదీ నిజమే. ఒక ఆదివారం అక్క ఇంట్లో భోజనాలయ్యాక బావ తన సముద్రపు దారుల పటం తెచ్చి నా ముందు పరిచి, "బురద డాక్టరమ్మా, నీ డబ్బాలు ఎక్కడెక్కడ పడేశావో చుక్కలు పెట్టు" అన్నాడు. బురద డాక్టరు నేనే. నాకు డాక్టరేటు వచ్చిన రోజున ఊరంతా స్వీట్లు పంచి, మర్నాటి నుంచీ ఆ పేరుతో పిలవడం మొదలుపెట్టాడు. చుక్కలు పెట్టాను. మధ్య చుక్క సరిగ్గా వాళ్ళ పడవ దారిలో పడింది.

"భలే! వెళ్తూ వస్తూ ఇంజను రయ్యిమనిపిస్తా. నీ డబ్బా వింటుంది."

"వినదు బావా. అది సెకనుకు ఒక్కసారే కన్ను తెరిచి చూస్తుంది. ఫ్యాను రెక్క ఎన్నిసార్లు తిరిగిందో అలా చూసేవాళ్ళకు ఏం తెలుస్తుంది? నీ ఇంజను సెకనుకు ఎన్నోసార్లు అదురుతుంది."

"వినకపోతే మానె. మరదలి గుమ్మం ముందు నుంచి పోతూ పలకరించకుండా పోతే బాగుంటుందా? నా మర్యాద నాది" అన్నాడు.

ఆ మొదటి మాట అన్నప్పుడు అక్క గదిలో ఉంది. తరవాతి మాటలప్పుడు గిన్నెలు కడుగుతోంది.

డబ్బాలు అలా సెకనుకు ఒకసారే రాసుకునేలా పెట్టడంలో మా తప్పేమీ లేదు. ఇప్పటికీ అదే మాట అంటాను. మేం వెతికేది సముద్రం అడుగున బురద కింద, రాతి కింద, ఇంకా లోతున నేల ఎలా ఉందో. దానికి పనికొచ్చేవి నేల పైపొర వెంట పాకే ఉపరితల తరంగాలు. పొట్టి తరంగం పైపైనే పోతుంది. పొడుగు తరంగం లోతు దాకా తడుముతూ పోతుంది. కింద మెత్తగా ఉంటే నెమ్మదిస్తుంది, గట్టిగా ఉంటే పరుగెత్తుతుంది. ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకు ఏ పొడుగు తరంగం ఎంత సేపట్లో చేరిందో చూసి, కింద ఏ లోతున ఏముందో బొమ్మ గీస్తాం. ఇలాంటి తరంగాలు సముద్రం అలల వల్లే నేలలో ఎప్పుడూ పుడుతూ ఉంటాయి. కానీ ఒక రోజు రాసింది చూస్తే అంతా గోల. ఏడాది మొత్తం కలిపితేనే ఆ గోలలోంచి తరంగం తేలుతుంది. ఏడాది కూర్చోవాలంటే బ్యాటరీ సరిపోవాలి, మెమరీ సరిపోవాలి. అందుకే తొందరగా అదిరేవన్నీ వద్దనుకున్నాం. ఆ మీటింగులో ఒక్కరు కూడా కాదనలేదు.

అక్కను బస్సెక్కించి వచ్చాక నా బుర్రలో ఒక పురుగు దూరింది. డబ్బాలు కంపెనీ నుంచి వచ్చేటప్పుడు వేగంగా రాసే సెట్టింగుతోనే వస్తాయి. నీళ్ళలో వదిలే ముందు ఒక్కోదాన్నీ తెరిచి, నిదానంగా రాసేలా మార్చాలి. ఆ పని మా టెక్నీషియన్‌ది. ఆయన్ని అందరం 'మూడోసారి' అని పిలుస్తాం. ఏ స్క్రూ అయినా బిగించి, సరిచూసి, మళ్ళీ మూడోసారి చూడనిదే వదలడు. పాపం అన్నిటిలో ఆయన ఒక్క డబ్బా మరిచిపోయి ఉంటే? ఆ ఒక్కటీ మధ్య డబ్బా అయితే? అలా మరిచిపోతే మెమరీ కొన్ని నెలలకే నిండిపోతుంది, కానీ తుఫాను వచ్చింది డబ్బాలు దించిన తొలి నెలల్లోనే. లెక్క సరిపోయింది. ఒక మనిషి పనిలో తప్పు దొర్లి ఉండాలని మొక్కుకోవడం నా జీవితంలో అదే మొదలు. గతంలో ఆయన పద్ధతికి విసుక్కున్నది కూడా నేనే.

నెల తిరిగాక ఓడెక్కాం. మధ్య డబ్బా ఉన్నచోట ఓడ ఆగింది. సముద్రం పళ్ళెంలో పోసిన నీళ్ళలా ఉంది. ఇంత బుద్ధిమంతురాలిలా కనపడుతుంటే నాకు ఒళ్ళు మండింది. మా 'మూడోసారి' నీళ్ళలోకి శబ్దం పంపాడు. కింద నుంచి జవాబు వచ్చింది. బరువు వదిలేసింది. పైకి వస్తోంది, వస్తోంది అంటూ ఆయన లోతు చదువుతుంటే నేను ఓడ అంచు కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. సరిగ్గా ఇక్కడే కదా బావ రయ్యిమనిపించేది అనుకున్నాను. కాసేపటికి దూరంగా డబ్బాకు కట్టిన నారింజరంగు జెండా నీళ్ళ మీద ఊగుతూ కనిపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఓడ లోపల చిన్న గదిలో ఆయన దాన్ని తుడిచి, తెరిచి, తీగ తగిలించి తెర మీద చూశాడు. నేను ఆయన భుజం మీద నుంచి చూస్తున్నాను.

"సెకనుకు ఒకటి," అన్నాడు సంతోషంగా. "నేను మూడోసారి కూడా చూశానమ్మా దించే ముందు. నా చేతిలో తప్పు దొర్లదు."

నా మొహం చూసి ఆగిపోయాడు. చెప్పకూడదనుకున్నాను గానీ నోరు ఆగలేదు. మొత్తం చెప్పేశాను. ఆయన చేతిలో తుడిచే గుడ్డను మడతపెట్టాడు, మళ్ళీ విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు.

"అయితే నేను తప్పు చేసుంటే బాగుండేదన్నమాట," అన్నాడు.

ఏం చెప్పాలి ఆ మనిషికి? అవునంటే పాపం, కాదంటే అబద్ధం. మిగతా డబ్బాలన్నీ పైకి తీశాం. ఒక్కదానిలో కూడా తప్పు లేదు. ఆయన ప్రతి డబ్బా తెరిచినప్పుడూ నా వైపు చూడకుండా తల అడ్డంగా ఊపేవాడు.

ఓడ తిరిగొచ్చిందని అక్కకు నేను ఫోను చెయ్యలేదు. ఓడరేవులో ఎవరో చూసి చెప్పారట. మర్నాడు మధ్యాహ్నమే ఆఫీసులో ప్రత్యక్షమైంది. ఈసారి కోటు లేదు. ఇస్త్రీ చీర కట్టుకుని, విచారణకు వెళ్ళినట్టు వచ్చింది. దాచి లాభం లేదని ఆ రోజు రికార్డు తెర మీద పెట్టాను. ముందు రోజులన్నీ సన్నగా దారంలా ఉన్న గీత, ఆ రోజు వచ్చేసరికి లావెక్కి లావెక్కి తెర పైనుంచి కిందిదాకా నల్లగా నిండిపోయింది.

"ఇదేనా?" అంది అక్క, తెర మీద వేలు ఆనించి.

"అది తుఫాను. అలలు నేలను మోదిన మోత."

"ఆయన?"

"లేడక్కా."

"ఇంత నల్లగా ఉంది, ఇందులో ఎక్కడో ఉంటాడు. సరిగ్గా చూడు."

"ఉండి కనపడకపోవడం కాదు. అసలు రాయలేదు. బావ ఇంజను అదిరినప్పుడు ఆ అదురు నీళ్ళలోంచి కిందికి వెళ్ళే ఉంటుంది, డబ్బా కదిలే ఉంటుంది. కానీ అంత తొందర అదుర్లన్నీ లోపలే వడగట్టి పారెయ్యమని మేం దానికి చెప్పాం. పారేసింది."

"కదిలిందంటావు. రాయలేదంటావు."

"అవును."

"చెవిటివాడి ముందు శంఖం ఊదాడన్నమాట ఇన్నాళ్ళూ." తెర మీద నుంచి వేలు తీసి, "అయితే ఇంజను ఆగిందని కూడా ఇందులో లేదుగా?" అంది.

"లేదు."

"ఆగలేదని?"

"అదీ లేదు."

అక్క కుర్చీ ముందుకు జరుపుకుంది. గొంతు తగ్గించింది. "నువ్వు ఉందని చెప్పవే. పెద్ద చదువు చదివావు. నీ మాట ఎవరు కాదంటారు? ఈ నల్లటిదంతా చూపించి, ఇదిగో ఇక్కడిదాకా ఇంజను నడిచింది అను."

అబద్ధం చెప్పడానికి నాకేం అభ్యంతరం లేదు. బావ కోసం నిక్షేపంగా చెప్పేదాన్ని. నిలబడే అబద్ధమే దొరకలేదు. డబ్బా సెకనుకు ఒక్కసారి రాసిందన్న సంగతి రికార్డు మొదటి వరసలోనే ఉంటుంది. ఈ పని తెలిసిన ఎవడైనా అది చూసి నవ్వుతాడు. ఆ తరవాత యజమాని ఊరుకుంటాడా, మెకానిక్కు ఇంటివాళ్ళు సాక్ష్యం కూడా తయారు చేశారంటాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు. అదంతా విడమరిచి చెప్పాను. అక్క విని, తలాడించి, చీర కొంగు సర్దుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. ఏడుపు నాకే వచ్చింది.

సరిగ్గా అప్పుడే మా పెద్దాయన గదిలోకి వచ్చాడు. ఈ పనికంతా ఆయనే పెద్ద. మంచి మనిషే. లోకం మునిగిపోతున్నా తరంగాలు ఎటు పోతున్నాయో చూసే రకం. అక్కను ఎవరో చుట్టపుచూపుగా వచ్చిన మనిషి అనుకుని, ఆమెకే చెప్పడం మొదలుపెట్టాడు.

"చూశారా అమ్మా ఈ రోజు! ఏడాది మొత్తంలో ఇంత మంచి రోజు లేదు. అలలు సరిగ్గా మా డబ్బాల వరస వెంటే వచ్చాయి. తరంగం ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకు వెళ్ళడం కంటితో కనపడుతోంది. ఇలాంటి తుఫాను దొరకడం మా అదృష్టం!"

"సార్, మా అక్క," అన్నాను. "మా బావ ఆ రోజు ఆ పడవలో ఉన్నారు."

పెద్దాయన చేతిలో కాగితాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నా బల్ల మీద పెట్టి, మళ్ళీ తీసుకున్నాడు. అక్క మాత్రం కోపగించుకోలేదు. ఆ కాగితాల వైపు చూస్తూ, "దీంతో మీరు ఏం చేస్తారండీ?" అని అడిగింది.

ఆయన చెప్పలేడని నేనే చెప్పాను. రోజులన్నీ కలిపి నేల బొమ్మ గీస్తాం, ఎర్రగా ఉన్నచోట లోతున మెత్తనిది, నీలంగా ఉన్నచోట గట్టిది అని.

"ఆ రోజు కూడా కలుపుతారా?"

"కలుపుతాం."

"అది తీసెయ్యండి," అంది అక్క. మామూలుగానే అంది, షాపులో ఫ్రేము మార్చమన్నట్టు. "వాళ్ళు పోయిన రోజుతో మీ బొమ్మ బాగుపడటం నాకిష్టం లేదు. ఆయన గురించి ఒక్క ముక్క రాయని రోజు, మీకు మాత్రం ఎందుకు పనికిరావాలి? తీసెయ్యండి. కొంచెం మసకగా వస్తే రానివ్వండి."

"తీసెయ్యమ్మా," అన్నాడు పెద్దాయన నాతో, వెంటనే. "తప్పకుండా తీసెయ్యి. తీసేస్తే మాత్రం..." అని ఆగాడు. మిగతా సగం చెప్పకుండా వెళ్ళిపోయాడు.

మిగతా సగం నాకు తెలుసు. మా పద్ధతిలో ఏ రోజుకైనా ఒకటే ఓటు. తుఫాను అరిచిన రోజైనా, సముద్రం గొణిగిన రోజైనా గొంతులన్నీ ఒక్క స్థాయికి తెచ్చి కలుపుతాం. లేకపోతే గట్టిగా అరిచినవాడిదే రాజ్యం అయిపోయి బొమ్మ వంకర పోతుంది. పెద్దాయన ఎంత మురిసిపోయినా అది కంటికి ఇంపే గానీ లెక్కలో దాని బరువు మిగతా రోజుల బరువే. ఇది అక్కకు చెప్పాలి. చెప్పడానికి నోరు రాలేదు. ఇప్పటిదాకా ఆమె అడిగిన ప్రతిదానికీ లేదనే చెప్పాను. ఈ ఒక్కటైనా చేసిపెడతాను అనుకున్నాను.

ఆ రోజును తీసేసి మళ్ళీ లెక్క మొదలుపెట్టాను. కంప్యూటరు తాపీగా నములుతోంది. అక్క టీ వద్దంది. ఊరికే కూర్చోలేని మనిషి. నా మొహం మీద నుంచి కళ్ళద్దాలు తీసుకుని, "ఏమిటే ఇది, ఒక పక్క వాలిపోయింది, ఇన్నాళ్ళూ వంకరగానే చూస్తున్నావా?" అంటూ సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసి స్క్రూలు బిగించింది. ఫ్రేము వంచి, సరిచేసి, కొంగుతో అద్దాలు తుడిచింది. అద్దాలు లేని కళ్ళకు అక్క మొహం తెల్లటి మసకలా కనిపించింది. బావ పోయిన దగ్గర నుంచీ ఆమెకు ఏ పనీ చేసిపెట్టలేకపోయాను, ఆమె మాత్రం నా అద్దాలు బాగుచేస్తోంది.

"మసకగా వస్తుందంటావా?" అంది తుడుస్తూనే.

"చూద్దాం."

"రావాలి. ఐదుగురు పోయిన రోజే అది. ఎంతో కొంత తేడా తెలియాలి."

లెక్క అయిపోయింది. మొత్తం రోజులతో ఒకటి, ఆ రోజు లేకుండా ఒకటి, రెండు పెద్ద కాగితాల మీద ప్రింటు తీశాను. అక్క రెండూ నా చేతిలోంచి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. సాయంత్రపు ఎండ ఇంకా ఉంది. ఒక కాగితం అద్దానికి ఆనించి చూసింది. దాన్ని తీసి రెండోది ఆనించింది. మళ్ళీ మొదటిది. ఎర్రటి మచ్చ అంచు మీద గోరు పెట్టి, ఇంకో దాంట్లో అదే అంచు వెతికింది. ఆ తరవాత నా అద్దాలు నాకు పెట్టి, వెనక్కి జరిగి నిలబడమంది. షాపులో కంటి పరీక్షకు వచ్చినవాళ్ళను నిలబెట్టినట్టే నిలబెట్టింది.

"ఇదా?" అంది ఒకటి చూపించి. మార్చింది. "అదా?"

నేను చూస్తున్నాను. అద్దాలు కొత్తవాటిలా శుభ్రంగా ఉన్నాయి. ప్రతి గీతా కనపడుతోంది.

"మళ్ళీ చూడు. ఇదా, అదా? తొందరేం లేదు. ఏది బాగా కనపడుతోంది?"

"రెండూ ఒకేలా ఉన్నాయక్కా."

షాపులో ఆ మాట వింటే అక్క పరీక్ష ఆపేస్తుంది. ఇక మార్చడానికి అద్దాలేమీ లేవని అర్థం. ఇక్కడ ఆపలేదు. ఇంకోసారి మార్చింది, ఇంకోసారి. ఆ తరవాత చేతులు దించేసింది. రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి నాకిచ్చింది.

"పోనీ, ఆయన పోయిన రోజు ఉన్నదేదో చెప్పు," అంది. "అది నేను పట్టుకెళ్తాను."

నేను రెండు కాగితాలూ తిప్పి తిప్పి చూశాను. ప్రింటు తీసేటప్పుడు ఏ గుర్తూ పెట్టలేదు.